బి.ఎడ్ లేకుండా టీచర్ అవ్వొచ్చా? ఫెలోషిప్ గురించి బెంగళూరులో మన పిల్లలు అడిగే ప్రశ్నలు

డిగ్రీనో బీటెక్కో అయిపోయి, మారతహళ్లి, బీటీఎం, కేఆర్ పురం పీజీల్లో ఉంటూ "టీచింగ్‌లోకి రావాలనుంది, బి.ఎడ్ లేదు, ఏదైనా ఫెలోషిప్‌లో చేరితే ఎలా ఉంటుంది" అని అడిగే తెలుగు పిల్లలు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. నేను ముందు ఫెలోషిప్ చేసి, తర్వాత బి.ఎడ్ చేసి, ఇప్పుడు ఇదే ఊళ్లో ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. అందరికీ విడివిడిగా చెప్పేది ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. తొందరలో ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను: ఫెలోషిప్ మీ చేతికి ఒక క్లాసును ఇస్తుంది, టీచరుగా అర్హతను ఇవ్వదు. ఈ తేడా తెలిసి చేరినవాళ్లు బాగుపడ్డారు, తెలియక చేరినవాళ్లు రెండేళ్ల తర్వాత ఇబ్బంది పడ్డారు.

అసలు ఈ ఫెలోషిప్ అంటే ఏమిటి?

ఎక్కువమంది అడిగేది టీచ్ ఫర్ ఇండియా గురించి. రెండేళ్ల పూర్తికాలం పని. ఏ డిగ్రీ అయినా పర్వాలేదు, బి.ఎడ్ అడగరు. ఎంపికైన వాళ్లకు కొన్ని వారాలు శిక్షణ ఇచ్చి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు చదివే ప్రభుత్వ బడిలోనో, కార్పొరేషన్ బడిలోనో, తక్కువ ఫీజుల ప్రైవేట్ బడిలోనో టీచరుగా పెడతారు. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది. షాహీన్ మిస్త్రీ 2008లో ఈ సంస్థను మొదలుపెట్టారు, 2009లో మొదటి బ్యాచ్ ముంబై, పుణె బడుల్లోకి వెళ్లింది. తర్వాత చెన్నై, హైదరాబాద్, బెంగళూరు కూడా చేరాయి. దీనికి మూలం అమెరికాలో వెండీ కాప్ 1989లో మొదలుపెట్టిన టీచ్ ఫర్ అమెరికా. ఇంగ్లండ్‌లో 2002 నుంచి టీచ్ ఫస్ట్ అని ఇలాంటిదే ఉంది.

రెండేళ్లు చేస్తే టీచర్ సర్టిఫికెట్ వస్తుందా?

రాదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు, ఎందుకంటే విదేశాల గురించి చదివి ఇక్కడా అంతే అనుకుంటారు. టీచ్ ఫస్ట్‌లో చేరిన వాళ్లకు పనిచేస్తూనే టీచర్ అర్హత చేతికొస్తుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బి.ఎడ్ లాంటి డిగ్రీ లేకుండా వచ్చినవాళ్లకు వేరే మార్గంలో లైసెన్స్ ఇచ్చే పద్ధతి చట్టంలోనే ఉంది. మన దగ్గర అలా లేదు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం టీచరుకు కనీస అర్హతలు ఏమిటో ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిర్ణయిస్తుంది. 2010 ఆగస్టు 23న వాళ్లిచ్చిన నోటిఫికేషనే ఇప్పటికీ పునాది. అందులో ఫెలోషిప్ అన్న మాట లేదు. మీకు సంస్థ నుంచి సర్టిఫికెట్ ఇస్తారు, దానికి విలువ కూడా ఉంది, కానీ డీఎస్సీకి, అంటే ఆంధ్రా, తెలంగాణల్లో ప్రభుత్వ టీచర్లను తీసుకునే పరీక్షకు, అప్లికేషన్ పెట్టేటప్పుడు అది పనికిరాదు.

సరే, ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి ఏం కావాలి?

1 నుంచి 5 తరగతులు చెప్పాలంటే డీఎడ్, అంటే ఇప్పటి డీఎల్‌ఎడ్ (చిన్న తరగతుల టీచర్ శిక్షణ డిప్లొమా). 6 నుంచి 8కి డిగ్రీతోపాటు డీఎల్‌ఎడ్ గానీ బి.ఎడ్ గానీ. పై తరగతులకు డిగ్రీ లేదా పీజీతోపాటు బి.ఎడ్. 1 నుంచి 8 వరకు దేనికైనా టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసవ్వాలి. 2018లో బి.ఎడ్ వాళ్లు కూడా ప్రైమరీకి అర్హులేనని ఎన్‌సీటీఈ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని నమ్ముకుని లక్షలమంది చదువుకున్నారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు అది చెల్లదంది. కాబట్టి మీకు చిన్నపిల్లలకు చెప్పడమే ఇష్టమైతే బి.ఎడ్ సరైన దారి కాదు, ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు.

టెట్ విషయం ఇంకా బిగిసింది. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఇప్పటికే పనిచేస్తున్న టీచర్లలో రిటైర్మెంట్‌కు 5 ఏళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు కూడా టెట్ పాసవ్వాలని, అందుకు 2 ఏళ్లు గడువని చెప్పింది. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నవాళ్లే పుస్తకాలు పట్టుకుని కూర్చుంటున్నప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకు మినహాయింపు దొరుకుతుందని ఆశపడొద్దు. ఒక్క మంచి మాట: టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ముందు 7 ఏళ్లే ఉండేది, 2021లో మార్చారు.

డీఎస్సీ మీద కన్నేసిన వాళ్లకు ఇంకొక మాట. ఆంధ్రాలో గానీ తెలంగాణలో గానీ లోకల్ అభ్యర్థి అని తేల్చేది సాధారణంగా మీరు బడి ఎక్కడ చదివారన్నదే. అమ్మానాన్నలది అనంతపురమే అయినా, మీరు ఒకటి నుంచి పది దాకా బెంగళూరులో చదివి ఉంటే నాన్‌లోకల్ కింద పోటీ పడాల్సి రావచ్చు. స్టడీ సర్టిఫికెట్లు తీసి ఒకసారి చూసుకోండి.

అలాంటప్పుడు నేరుగా బి.ఎడే చేసేస్తే పోతుంది కదా, మధ్యలో ఇదెందుకు?

ప్రభుత్వ ఉద్యోగమే లక్ష్యం అని మీకు ఖచ్చితంగా తెలిస్తే, అవును, అలాగే చేయండి. నాకైతే ఇందులో సందేహం లేదు. రెండేళ్లు ఫెలోషిప్, ఆ తర్వాత రెండేళ్లు బి.ఎడ్, తర్వాత నోటిఫికేషన్ కోసం ఎదురుచూపు అంటే మొత్తం చాలా దూరం పోతుంది.

కానీ నన్ను అడిగేవాళ్లలో సగంమందికి పైగా అలా తెలిసి రారు. పాఠం చెప్పడం ఇష్టమని మాత్రమే తెలుసు, అది కూడా పక్కింటి పిల్లలకు ట్యూషన్ చెప్పిన అనుభవంతోనో, కాలేజీలో ఎన్ఎస్ఎస్‌లో వారానికోసారి వెళ్లిన అనుభవంతోనో. రోజుకు ఆరు పీరియడ్లు, ఏడాదికి రెండొందల పైచిలుకు రోజులు అదే పిల్లలతో ఉండటం మనకు సరిపడుతుందా అన్నది క్లాసులో నిలబడితేనే తెలుస్తుంది. బి.ఎడ్‌లో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండాలని నిబంధన, కానీ చాలా కాలేజీల్లో అది రికార్డు పుస్తకం నింపడం దగ్గరే ఆగిపోతుంది. ఫెలోషిప్‌లో మొదటి రోజు నుంచి క్లాసు మీదే. ఎవరో ఒకరు వచ్చి వెనక బెంచీలో కూర్చుని మీ పాఠం చూసి, సాయంత్రం మీతో కూర్చుని ఏది పనిచేసింది, ఏది చేయలేదు అని మాట్లాడతారు. మామూలు ప్రైవేట్ బడిలో కొత్త టీచరుకు అది దొరకదు. బి.ఎడ్ కన్నా నాకు ఎక్కువ నేర్పింది అదే.

బీటెక్ చేశాం, బి.ఎడ్‌కు అర్హత ఉందా?

ఉంది. ఎన్‌సీటీఈ నిబంధనల్లో మామూలు డిగ్రీకి 50 శాతం, సైన్స్, మ్యాథ్స్ ప్రధానంగా ఉన్న ఇంజినీరింగ్‌కు 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. సీటు దొరకడం ఒకటైతే, ఆ తర్వాత ఉద్యోగానికి పనికిరావడం ఇంకొకటి. కేంద్రీయ విద్యాలయాల్లో టీజీటీ (6 నుంచి 10 తరగతుల టీచరు) పోస్టులకు డిగ్రీలో చదివిన సబ్జెక్టులు చూస్తారు, అక్కడ బీటెక్ వాళ్లకు చిక్కొస్తుంది. పీజీటీ (11, 12 తరగతుల టీచరు) కంప్యూటర్ సైన్స్‌కు మాత్రం ఆ బ్రాంచి బీటెక్‌ను తీసుకుంటారు. మీరు రాయాలనుకునే పరీక్ష పాత నోటిఫికేషన్ ఒకటి దించుకుని అర్హతల పేజీ చదవండి, ఆ తర్వాతే బి.ఎడ్ ఫీజు కట్టండి.

ఫెలోషిప్ చేస్తూనే పక్కన బి.ఎడ్ కూడా కానిచ్చేస్తే?

రెగ్యులర్ బి.ఎడ్‌కు క్లాసుల్లో 80 శాతం, ఇంటర్న్‌షిప్‌లో 90 శాతం హాజరు ఉండాలి. పొద్దున ఎనిమిదికి బడిలో ఉండాల్సిన మనిషి కాలేజీలో ఎలా ఉంటారు? "అటెండ్ అవ్వక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలు" అని చెప్పే కాలేజీల ఏజెంట్లు మీకూ ఫోన్ చేసే ఉంటారు. దయచేసి అటు వెళ్లకండి. డబ్బు కట్టి హాజరు కొనుక్కున్న డిగ్రీ రేపు వెరిఫికేషన్‌లో ఏ మలుపు తిరుగుతుందో చెప్పలేం. అంతకన్నా ముఖ్యం, నేర్చుకోకుండానే పిల్లల ముందు నిలబడతారు.

ఇగ్నో దూరవిద్య బి.ఎడ్ ఉంది కదా అంటారు. అది ఇప్పటికే శిక్షణ పొంది బడిలో పనిచేస్తున్న ఎలిమెంటరీ టీచర్లకు, లేదా ముఖాముఖిగా ఏదైనా గుర్తింపు పొందిన టీచర్ శిక్షణ పూర్తిచేసిన వాళ్లకు. ఫెలోగా పనిచేస్తున్నంత మాత్రాన ఆ కోవలోకి రారు.

ఐదారు వారాల శిక్షణతో క్లాసు నడపగలమా?

మొదట్లో సరిగా నడపలేరు. ఎవరూ నడపలేరు, బి.ఎడ్ చేసి వచ్చినవాళ్లు కూడా. తేడా ఏమిటంటే వాళ్లకు కనీసం పిల్లలు ఎలా నేర్చుకుంటారన్నది ఒక పేపరుగానైనా చదివిన అనుభవం ఉంటుంది.

ఒక చిన్న సంగతి చెబుతాను. మూడో తరగతి. బోర్డు మీద 52లోంచి 27 తీసేయమని ఇస్తే, వెనక వరసలో ఒక అబ్బాయి 35 అని రాశాడు. పక్కవాడూ 35 అనే రాశాడు. చూసి రాశారేమో అనుకుంటాం. కాదు. ఇద్దరూ విడివిడిగానే చేశారు: 5లోంచి 2 తీస్తే 3, 7లోంచి 2 తీస్తే 5. పైన ఏదుంది, కింద ఏదుంది అని చూడరు, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తారు. చిన్న తరగతుల్లో ఎప్పుడూ అలాగే కుదిరింది కాబట్టి. కొత్త టీచరు తప్పు కొట్టేసి, పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవాలిరా అని నాలుగుసార్లు గట్టిగా చెబుతారు, పిల్లవాడు తలూపుతాడు, మర్నాడు మళ్లీ 35. అనుభవమున్న టీచరు అయితే "ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడుగుతుంది. చీపురుపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఐదు కట్టలు, రెండు విడిపుల్లలు వాడి ముందు పెట్టి, ఇందులోంచి 27 ఇవ్వు అంటుంది. ఏడు పుల్లలు ఇవ్వాలి, ఉన్నవి రెండే. వాడే ఒక కట్ట విప్పుతాడు. ఆ విప్పడం దగ్గర వాడికి లెక్క అర్థమవుతుంది.

ఐదారు వారాల శిక్షణలో పాఠం ప్లాన్ రాయడం, క్లాసును అదుపులో ఉంచడం నేర్పుతారు. పుల్లల కట్ట ఎప్పుడు విప్పించాలన్నది మాత్రం ఆ బడిలోనే ఉన్న పాత టీచర్ల దగ్గర నేర్చుకోవాలి. ఫెలోలు చేసే పెద్ద పొరపాటు వాళ్లను చులకనగా చూడటం. మనం ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడతాం, వాళ్లు మాట్లాడకపోవచ్చు. అయినా సరే, స్టాఫ్‌రూమ్‌లో వాళ్ల పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బా తెరవండి, అడగండి.

దీనివల్ల పిల్లలకు నిజంగా మేలు జరుగుతుందా? మన మీద మనకు మంచి అభిప్రాయం కలగడానికేనా?

మంచి ప్రశ్న, చేరేముందు అందరూ వేసుకోవాల్సిన ప్రశ్న. అమెరికాలో మ్యాథమాటికా అనే పరిశోధన సంస్థ 2004లో టీచ్ ఫర్ అమెరికా మీద చేసిన అధ్యయనంలో, ఆ టీచర్ల పిల్లలు లెక్కల్లో కొంచెం ముందున్నారు, చదవడంలో మిగతా క్లాసులకూ వీళ్లకూ తేడా లేదు. 2013లో హైస్కూలు లెక్కల మీద చేసినదాంట్లోనూ కొంత మెరుగే కనిపించింది. అంటే పిల్లలు పాడైపోతారన్నది నిజం కాదు, అద్భుతాలు జరుగుతాయన్నదీ నిజం కాదు. అది అమెరికా సంగతి, అక్కడి పరిస్థితులు వేరని కూడా గుర్తుంచుకోండి.

నన్ను బాధించేది ఇంకొకటి. రెండేళ్లకు టీచరు వెళ్లిపోతారు. నాలుగో తరగతిలో చేయిపట్టి చదివించిన అక్క ఆరో తరగతికి ఉండదు. మళ్లీ కొత్తవాళ్లు వస్తారు, మళ్లీ పేర్లు నేర్చుకోవడం నుంచి మొదలు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు గ్రామీణ ప్రాంతాల్లో చేసే అసర్ సర్వేలో 2024లో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగిన వాళ్లు 23.4 శాతమే. ఇంత లోటు ఉన్నచోట ఒక్కో ఏడాదీ లెక్కలోకి వస్తుంది. అందుకే వెళ్లే రోజుకు మీ తర్వాత వచ్చేవాళ్లకు ఏ పిల్లవాడు ఏ స్థాయిలో చదువుతున్నాడో, ఎవరింట్లో ఏ ఇబ్బంది ఉందో రాసిన నోట్సు ఉండాలి. అది ఎవరూ అడగకపోయినా రాయండి.

కన్నడం రాదు. ఇబ్బందా?

ఫెలోలు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే చెబుతారు కాబట్టి ఎంపికకు అడ్డు రాదు. పనికి మాత్రం అడ్డొస్తుంది. ఈ ఊళ్లో అలాంటి బడుల్లో పిల్లలు ఇంట్లో కన్నడం, ఉర్దూ, తమిళం, తెలుగు, హిందీ, ఒక్కొక్కరు ఒక్కొక్కటి మాట్లాడతారు. రాయచూరు, యాదగిరి నుంచి, మన అనంతపురం, కర్నూలు వైపు నుంచి భవనాల పనికి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. తెలుగు వచ్చిన టీచరు దొరికితే ఆ తల్లులు గేటు దగ్గర ఆపి మాట్లాడతారు, "సారూ, మావాడు ఇంటికాడ పుస్తకం ముట్టడు, మీరే చెప్పాల" అని చెప్పుకుంటారు. అది మీ బలం. అలాగని కన్నడం వదిలేయకండి. హెడ్‌మాస్టరుతో, ఆయమ్మతో, వార్డు ఆఫీసులో అదే కావాలి. తెలుగు చదవగలిగిన వాళ్లకు కన్నడ లిపి కొద్ది వారాల్లో పట్టుబడుతుంది. చెన్నై పడితే తమిళం ఇంకొంచెం కష్టపడాలి, లిపి పూర్తిగా వేరు.

ఊరు మనమే ఎంచుకోవచ్చా?

మీ ఇష్టం అడుగుతారు, కానీ ఎక్కడ పడినా వెళ్లడానికి సిద్ధపడి ఉండటమే మంచిది. బెంగళూరు వదిలి రాలేని పరిస్థితి ఉంటే ఆఫర్ ఒప్పుకోకముందే తేల్చుకోండి.

డబ్బులు సరిపోతాయా?

ఒంటరిగా ఉండి, షేరింగ్ గదిలో ఉండి, ఇంటికి పంపాల్సిన పని లేకపోతే సరిపోతాయి. మిగలడం కష్టం. స్టైపెండ్ ఎంత, ఇంటి అద్దెకు విడిగా ఇస్తారా, బడి సామగ్రికి ఎవరు పెడతారు అన్నవి ఆఫర్ చేతికొచ్చినప్పుడు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. చార్టులు, కథల పుస్తకాలు, పుట్టినరోజు చాక్లెట్లు, ఇవన్నీ మీ జేబులోంచే పోతుంటాయి.

ఎడ్యుకేషన్ లోన్ ఉన్నవాళ్లు చాలా జాగ్రత్తగా ఆలోచించాలి. చాలా బ్యాంకుల్లో కోర్సు అయ్యాక ఏడాదికి ఈఎంఐ మొదలవుతుంది. అంటే సరిగ్గా మీ ఫెలోషిప్ మధ్యలో. ఆ కిస్తీ నాన్న కట్టగలరా, గడువు పెంచడానికి బ్యాంకు ఒప్పుకుంటుందా అన్నది ముందే మాట్లాడుకోకపోతే రెండో ఏడాది మొదట్లోనే ఉద్యోగం వెతుక్కుంటూ క్లాసు మీద మనసు పెట్టలేరు.

బీటెక్ చదివి బడిపంతులు ఏమిటని ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

వాళ్ల భయం పిచ్చిది కాదు. అప్పుచేసి చదివించిన తండ్రికి మూడున్నర లక్షల ప్యాకేజీ కనీసం కంటికి కనిపించే లెక్క. సేవ, దేశం అని మాట్లాడితే ఇంకా బిగుసుకుపోతారు. రెండేళ్ల తర్వాత ఏం చేస్తానో ఒక కాగితం మీద రాసి చూపించండి: ఫలానా ఏడాది బి.ఎడ్, ఫలానా పరీక్ష, కాకపోతే ఫలానా ఉద్యోగం, లోన్ ఎలా కడతాను. ఆడపిల్లలైతే పెళ్లి మాట ఎలాగూ వస్తుంది. అది ఒక్కసారి మాట్లాడితే తెగేది కాదు, ఇంట్లో మీ వైపు మాట్లాడే అత్తనో బాబాయినో ముందు ఒప్పించుకోండి. వీలైతే అమ్మనో నాన్ననో ఒకసారి తీసుకొచ్చి అలాంటి బడి చూపించండి.

ఎంపిక ఎలా ఉంటుంది?

ఆన్‌లైన్ అప్లికేషన్, తర్వాత ఇంటర్వ్యూ, గ్రూపులో కలిసి చేసే పని, కొద్ది నిమిషాల పాఠం చెప్పి చూపించడం. ఏడాదిలో కొన్ని విడతలుగా తీసుకుంటారు, ముందు విడతల్లోనే పెట్టడం నయం. అప్లికేషన్‌లో పెద్దపెద్ద మాటలు రాయొద్దు. మీరు నిజంగా చేసిన పని ఒకటి, అందులో ఏది కష్టమైంది, అప్పుడు ఏం చేశారు, అంతే రాయండి. పాఠానికి చిన్న అంశం తీసుకోండి. కిరణజన్య సంయోగక్రియ మొత్తం ఐదు నిమిషాల్లో చెప్పబోయి ఆగిపోయేవాళ్లే ఎక్కువ. సగం అంటే ఏమిటో ఒక చపాతీ బొమ్మతో చెప్పినా చాలు.

గాంధీ ఫెలోషిప్, అజీమ్ ప్రేమ్‌జీ వాళ్లది కూడా ఇలాంటివేనా?

కాదు. గాంధీ ఫెలోషిప్‌లో ప్రధానంగా ప్రభుత్వ బడుల హెడ్‌మాస్టర్లతో, విద్యాశాఖ యంత్రాంగంతో పని, మీకంటూ ఒక క్లాసు ఉండదు. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌లో చేరితే ఎక్కువగా ఇప్పటికే ఉన్న ప్రభుత్వ టీచర్లతో కలిసి పనిచేయాలి, అది కూడా జిల్లాల్లో. రెండూ మంచివే, కానీ పాఠం చెప్పాలన్న కోరికతో అక్కడికి వెళ్తే తీరదు. సర్జాపుర వైపున్న అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో ఎంఏ ఎడ్యుకేషన్ ఉంది, చదువు గురించి లోతుగా ఆలోచించాలనుకునే వాళ్లకు చాలా బాగుంటుంది, అయితే అది బి.ఎడ్‌కు బదులు కాదు. మైసూరులో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ ఉంది, దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ అదే. అక్కడ బి.ఎడ్ సీటు దొరికితే నేనైతే మిగతావన్నీ పక్కన పెడతాను.

ఇవన్నీ ఎందుకు, ఏదైనా ప్రైవేట్ బడిలో నేరుగా చేరితే?

చేరొచ్చు. బెంగళూరులో బి.ఎడ్ లేకపోయినా సబ్జెక్టు బాగా వస్తే తీసుకునే బడులు ఉన్నాయి, కొన్ని "ఇన్నేళ్లలో పూర్తిచేయాలి" అన్న షరతు పెడతాయి. జీతం బడిని బట్టి చాలా తేడా ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామనే చోట చేరకండి, ఎంత మంచి పేరున్నా సరే.

నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చా?

ఒంట్లో బాగాలేకనో, ఇంట్లో కష్టమొచ్చో అయితే ఎవరూ తప్పుపట్టరు. ముందు మీ మేనేజరుతో మాట్లాడండి, బడి మార్చే వీలుంటుంది. ఇంకొక ఆఫర్ వచ్చేదాకా కాలక్షేపానికి అనుకుంటే మాత్రం అసలు చేరకండి. నవంబరులో టీచరు వెళ్లిపోతే ఆ క్లాసును చీల్చి పక్క సెక్షన్లలో సర్దుతారు, లేదా ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు వచ్చి రాసుకోమని చెప్పి కూర్చుంటారు. మార్చి దాకా అంతే. ఆ పిల్లలకు ట్యూషన్ పెట్టించే స్తోమత ఇంట్లో ఉండదు.

రెండేళ్లయ్యాక?

టీచరుగానే ఉండాలనుకుంటే రెండో ఏడాది సంక్రాంతి సెలవులకే బి.ఎడ్ ఎంట్రన్స్‌ల సంగతి చూడటం మొదలుపెట్టండి: మైసూరు ఆర్ఐఈ పరీక్ష, ఆంధ్రా, తెలంగాణ ఎడ్‌సెట్‌లు, కర్ణాటక కౌన్సెలింగ్, దేని తేదీలు దానివే. బి.ఎడ్‌లో చేరాక సీటెట్ (కేంద్ర స్థాయి టెట్) రాయొచ్చు, అందులో భాషగా తెలుగు ఎంచుకునే వీలుంది. 150కి 90 వస్తే జనరల్ వాళ్లకు పాస్. కేంద్రీయ, నవోదయ విద్యాలయాల టీజీటీ పోస్టులకు అదే కావాలి.

ఫెలోషిప్ వదిలే ముందు అనుభవ పత్రం సంస్థ నుంచి ఒకటి, బడి హెడ్‌మాస్టరు సంతకం, ముద్రతో ఇంకొకటి తీసుకోండి. ఏ తరగతులకు, ఏ సబ్జెక్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెప్పారో అందులో ఉండాలి. హెడ్‌మాస్టర్లు బదిలీ అయిపోతారు, తర్వాత వెళ్తే మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఆ బడిలో ఉండకపోవచ్చు.